మాత్రల డబ్బా అడుగు కనిపించకముందే...

అమెరికాలో రీఫిల్ లెక్క తెలిస్తే సగం తిప్పలు తప్పినట్టే

కూతురి పురిటికని అమ్మ అమెరికా వస్తుంది. సూట్‌కేసులో గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు. వాటి మధ్య జాగ్రత్తగా చుట్టిపెట్టిన మూడు నెలల బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు. మనవడి స్నానాలు, కూతురి పథ్యాలతో రోజులు ఇట్టే గడిచిపోతాయి. "ఇంకో రెండు నెలలుండమ్మా" అని కూతురు టికెట్ మార్పిస్తుంది. అమ్మ సరేనంటుంది. మాత్రల సంగతి మాత్రం ఎత్తదు. ముందు రోజు విడిచి రోజు వేసుకుంటుంది. తర్వాత సగానికి విరిచి వేసుకుంటుంది. ఓ రోజు పొద్దున్నే కళ్లు తిరిగి సోఫాలో కూలబడితే అప్పుడు బయటపడుతుంది అసలు విషయం. "ఇక్కడ మందులు బోలెడు ఖరీదంట కదే. అల్లుడుగారి చేత ఖర్చు పెట్టించడమేంటని..." అని నసుగుతుంది.

ఇది ఏ ఒక్కింటి కథో కాదు. న్యూజెర్సీ నుంచి టెక్సస్ దాకా మనవాళ్లున్న చాలా ఇళ్లలో ఏదో ఒక రూపంలో జరిగేదే. అమ్మానాన్నల సంగతి అలా ఉంచితే, మన సంగతి మాత్రం? థైరాయిడ్ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, ఆస్తమా ఇన్‌హేలర్... ముప్ఫై అయిదు దాటగానే ఏదో ఒకటి తగులుకుంటోంది. డబ్బా ఖాళీ అయిన రోజు రాత్రి గుర్తుకొస్తుంది, రీఫిల్ పెట్టలేదని. ఆ పూటకి వదిలేస్తే ఏమవుతుందిలే అనుకుంటాం. అయ్యేవి అవుతాయి. అటెనలాల్, మెటోప్రోలాల్ లాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే గుండెకే ప్రమాదం. ఇన్సులిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

చీటీ లేనిదే మాత్ర లేదు

మన ఊళ్లో అయితే ఇంత ఆలోచన ఉండదు. పాత అట్ట ముక్క చూపించి "ఇదే ఇంకో రెండు షీట్లివ్వు బాబూ" అంటే మెడికల్ షాపతను ఇచ్చేస్తాడు. అక్కడా చట్టం చీటీ కావాలనే అంటుంది, పాటించేవాళ్లే తక్కువ. అమెరికాలో ఆ పప్పులు ఉడకవు. ఇక్కడ చీటీ మీద అమ్మేవి, చీటీ లేకుండా అమ్మేవి అని మందుల్ని రెండుగా విడదీసింది 1951లో వచ్చిన డర్హామ్-హంఫ్రీ సవరణ. డాక్టర్ ఒప్పుకోనిదే రీఫిల్ ఇవ్వకూడదన్నదీ అప్పటి నిబంధనే. విచిత్రమేంటంటే దాన్ని తెచ్చిన ఇద్దరూ ఫార్మసిస్టులే. అందులో హ్యూబర్ట్ హంఫ్రీ ఆ తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యారు.

కాబట్టి ఇక్కడ మందు అడిగితే రాదు, లెక్క ఉంటే వస్తుంది. డాక్టర్ ముప్ఫై మాత్రలు, అయిదు రీఫిల్స్ రాశారంటే మొత్తం ఆరుసార్లు తీసుకోవచ్చన్నమాట. మామూలు మందుల చీటీ చాలా రాష్ట్రాల్లో ఏడాది చెల్లుతుంది. ఏడాది దాటితే రీఫిల్స్ మిగిలున్నా లాభం లేదు. నిద్ర, ఆందోళన, నొప్పి మందుల్లో కొన్నిటిపై మరింత కట్టడి ఉంటుంది. అల్ప్రాజొలామ్, ట్రమడాల్ లాంటివాటికి ఆరు నెలల్లో అయిదు రీఫిల్స్ మించవు. ఇంకా గట్టి మందులకైతే రీఫిల్ అన్న మాటే లేదు, ప్రతిసారీ కొత్త చీటీ కావాల్సిందే.

డబ్బా మీది రాతలు చదివారా?

ఇక్కడ మాత్రలు అట్టల్లో కాకుండా ఎక్కువగా నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బాలో లెక్కపెట్టి పోసిస్తారు. ఆ డబ్బా మీది లేబులే మీ చీటీ, రసీదు, ఫోన్ డైరీ అన్నీ. దాని మీద ప్రిస్క్రిప్షన్ నంబర్ ఉంటుంది. ఫార్మసీకి ఫోన్ చేసి ఆ నంబర్ నొక్కితే చాలు, మనిషితో మాట్లాడే పని లేకుండా రీఫిల్ ఆర్డర్ అయిపోతుంది. పెద్ద షాపులన్నిటికీ ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి. ఇంకా ఎన్ని రీఫిల్స్ ఉన్నాయి, ఏ తేదీలోగా వాడుకోవాలి అన్నది కూడా లేబుల్ మీదే రాసి ఉంటుంది. కొత్త డబ్బా ఇంటికి తెచ్చిన రోజే ఆ ఒక్క లైను చూసి క్యాలెండర్‌లో రాసుకోండి.

చాలా డబ్బాల మీద మాత్ర తయారుచేసిన కంపెనీ పేరూ ఉంటుంది. ఓసారి చూడండి. డాక్టర్ రెడ్డీస్ అనో, అరబిందో అనో కనబడితే ఆశ్చర్యపోకండి. అమెరికాలో రాసే చీటీల్లో పదింట తొమ్మిది జెనరిక్ మందులవే. వాటిలో మన హైదరాబాద్ కంపెనీల వాటా తక్కువేం కాదు. అయితే ఒక చిక్కుంది. ఫార్మసీ ఈ నెల ఒక కంపెనీ సరుకు, వచ్చే నెల ఇంకో కంపెనీ సరుకు తెప్పించొచ్చు. మందు అదే, రంగు మారిపోతుంది. తెల్ల మాత్ర స్థానంలో గులాబీ రంగుది వచ్చిందని పెద్దవాళ్లు కంగారుపడి మానేస్తారు. లేదంటే పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు. అనుమానం వస్తే వేసుకునే ముందే ఫార్మసీకి ఫోన్ చేయండి.

ఎలా వేసుకోవాలో రాసిన లైను మాత్రం రెండుసార్లు చదవండి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. లెడర్లే కంపెనీలో మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషితో వెలుగుచూసిన మందు అది. కీళ్లవాతానికైతే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. "వీక్లీ"కి, "డైలీ"కి తేడా అంత.

ఇంటిపేరు, పుట్టినరోజు తిప్పలు

ఫార్మసీ కౌంటర్ దగ్గర మొదట అడిగేవి రెండే. ఇంటిపేరు, పుట్టిన తేదీ. మనకు ఈ రెండూ తంటాలే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. డాక్టర్ ఆఫీసులో ఒకలా, ఇన్సూరెన్స్ కార్డులో ఇంకోలా, ఫార్మసీలో మరోలా ఉంటే "మీ పేరు మీద ఏమీ లేదే" అనేస్తారు. మూడుచోట్లా ఒకేలా ఉండేలా ఒక్కసారి సరిచేయించుకోండి.

పుట్టినరోజు సంగతి ఇంకా తమాషా. అమ్మకి అసలు పుట్టినరోజు శ్రావణమాసంలో, స్కూలు సర్టిఫికెట్లో జూన్ ఒకటి. ఇక్కడ పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాలి. పైగా నెల ముందు, తేదీ తర్వాత. జులై 4ని మనం 4-7 అని రాస్తే వీళ్లు ఏప్రిల్ 7 అనుకుంటారు.

సున్నా రీఫిల్స్... అప్పుడేం చేయాలి?

రీఫిల్స్ అయిపోతే ఫార్మసీయే డాక్టర్ ఆఫీసుకు రిక్వెస్ట్ పంపుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పంపారు కదా అని ఊరుకుంటారు. అక్కడ డాక్టర్ సెలవులో ఉండొచ్చు. "ఏడాదైంది, రక్తపరీక్షలు చేయించుకుని కనబడమనండి" అని రిక్వెస్ట్ తిప్పి పంపొచ్చు. కాబట్టి డబ్బాలో పది రోజుల మాత్రలు ఉండగానే రీఫిల్ పెట్టండి. రెండు రోజుల్లో రెడీ అయినట్టు మెసేజ్ రాకపోతే ముందు ఫార్మసీకి, తర్వాత డాక్టర్ ఆఫీసుకు మీరే ఫోన్ చేయండి. మరీ ముందు పెట్టినా కుదరదు. పాత మాత్రల్లో ఎక్కువ భాగం వాడే రోజులు గడిస్తేగానీ ఇన్సూరెన్స్ కొత్తవాటికి డబ్బు కట్టదు. "టూ సూన్" అంటే అదే. ఏ తేదీ నుంచి ఇస్తారో అడిగి రాసుకోండి.

ఇల్లు మారినా, ఊరు మారినా డాక్టర్ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. కొత్త ఫార్మసీకి వెళ్లి పాత ఫార్మసీ పేరు, ఫోన్ నంబర్ చెబితే మామూలు మందుల చీటీలను వాళ్లే మార్పించుకుంటారు. షాపులు కూడా మూతపడుతుంటాయి. రైట్ ఎయిడ్ లాంటి పెద్ద సంస్థే 2025లో దుకాణాలన్నీ మూసేసింది. అందుకే మీ మందుల జాబితా ఫార్మసీ కంప్యూటర్లోనే కాదు, మీ దగ్గరా ఉండాలి.

శుక్రవారం సాయంత్రం, డాక్టర్ ఆఫీసు మూసేశారు, డబ్బా ఖాళీ. అప్పుడు? ఫార్మసిస్టుతో నేరుగా మాట్లాడి "ఎమర్జెన్సీ సప్లై" అని అడగండి. రోజూ వాడే మందుకు చాలా రాష్ట్రాల్లో ఫార్మసిస్టే కొన్నాళ్లకు సరిపడా ఇవ్వొచ్చు. కొన్నిచోట్ల మూడు రోజులకు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. ఒహాయోలో షుగర్ ఉన్న ఓ యువకుడు 2013 చివర్లో సెలవుల సమయంలో ఇన్సులిన్ కోసం ఫార్మసీకి వెళ్తే, చీటీ గడువు దాటిందన్నారు. డాక్టర్ దొరకలేదు. 2014 జనవరిలో అతను చనిపోయాడు. కుటుంబం పోరాడింది. 2015లో ఒహాయో చట్టం మార్చింది. అతని పేరు మీదే దాన్ని 'కెవిన్స్ లా' అంటారు. తర్వాత మరెన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అడిగే హక్కు ఉందని తెలియక వెనక్కి వచ్చేయకండి.

ధర చూసి వదిలేయకండి

కౌంటర్లో చెప్పిన ధర విని గుండె గుభేల్‌మంటే, మందు వద్దని వచ్చేయకండి. ఒక ప్రశ్న అడగండి. "ఇన్సూరెన్స్ లేకుండా అయితే ఎంత?" ఒక్కోసారి ఇన్సూరెన్స్‌తో కట్టేదాని కన్నా నగదు ధరే తక్కువ ఉంటుంది. ఆ మాట ఫార్మసిస్టులు చెప్పకుండా నోరు నొక్కే ఒప్పందాలు ఒకప్పుడు ఉండేవి. 2018లో వాటిని చట్టం నిషేధించింది. అయితే అలా నగదుతో కొన్నది సాధారణంగా మీ డిడక్టబుల్ లెక్కలోకి రాదు.

వాల్‌మార్ట్ 2006లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలుపెట్టిన పథకం గుర్తుందా? కొన్ని జెనరిక్ మందులు నెలకు 4 డాలర్లు, మూడు నెలలకు 10 డాలర్లు. మెట్‌ఫార్మిన్, లిసినోప్రిల్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కాస్ట్‌కో ఫార్మసీలో మందులు కొనడానికి మెంబర్‌షిప్ అక్కర్లేదు. గుడ్‌ఆర్ఎక్స్ లాంటి కూపన్లున్నాయి. 2022లో మొదలైన మార్క్ క్యూబన్ కాస్ట్ ప్లస్ డ్రగ్స్ లాంటి మెయిల్ ఫార్మసీలూ ఉన్నాయి. ఒకే మాత్రకు ఒకే వీధిలో రెండు షాపుల్లో రెండు ధరలుండటం ఇక్కడ మామూలే. కానీ తక్కువ ధర కోసం నాలుగు షాపుల్లో నాలుగు మందులు కొంటుంటే ఏ మందుకు ఏది పడదో చూసేవాళ్లుండరు. వీలైనంతవరకు ఒకే ఫార్మసీ మేలు. తప్పకపోతే ప్రతిచోటా మొత్తం జాబితా చూపించండి.

రెండోది, తొంభై రోజుల చీటీ. రోజూ వాడే మందుకు మూడు నెలలకొకసారి ఇమ్మని డాక్టర్‌ను అడగండి. ఇంటికే పోస్టులో వస్తుంది, తరచూ ధరా తగ్గుతుంది. గ్యాస్ స్టేషన్లో పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లకి, మోటెల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి నెలనెలా ఫార్మసీ చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

అమ్మానాన్నల మాత్రలు

మళ్లీ అమ్మ సంగతికి వద్దాం. వీసా మీద ఆరు నెలలు ఉండనిస్తారు. మందులు మాత్రం సాధారణంగా తొంభై రోజులకు మించి తేకూడదన్నది ఎఫ్‌డీఏ మాట. అవి అట్టల్లోనే, వాటి పెట్టెల్లోనే ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలో కలిపి పోసి తేవొద్దు. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో వెంట ఉండాలి. సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో పెట్టించండి.

మరి మిగతా మూడు నెలలకు? దారులు రెండు. తొంభై రోజులు దాటి ఉండే విదేశీ సందర్శకులు తమ మందుల్ని ఇండియా నుంచి పోస్టు లేదా కొరియర్లో తెప్పించుకోవడానికి ఎఫ్‌డీఏ వీలు కల్పిస్తోంది. పార్సిల్‌తో పాటు పాస్‌పోర్టు, వీసా కాపీలు, డాక్టర్ లేఖ, చీటీ పెట్టాలి. మందు ఎవరికోసమో తెలియాలన్నమాట. కస్టమ్స్‌లో ఆలస్యం కావచ్చు కాబట్టి చివరి వారందాకా ఆగొద్దు. రెండో దారి, ఇక్కడి డాక్టర్‌కు చూపించి ఇక్కడి చీటీ రాయించుకోవడం. ఇండియా డాక్టర్ చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు దాదాపు ప్రతి ప్రాంతంలో ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్ చేసి నగదు ఫీజు ఎంతో అడగండి. పెద్దవాళ్లకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల రోజువారీ మందులకు సాధారణంగా పైసా ఇవ్వవు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. డోలో అంటే తెల్లముఖం వేస్తారు. మనం పారాసెటమాల్ అనేది ఇక్కడ ఎసిటమినోఫెన్, టైలెనాల్‌లో ఉండేది అదే. మన సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటెరాల్. 75 మిల్లీగ్రాముల ఎకోస్ప్రిన్ వాడేవాళ్లకి ఇక్కడ దొరికేది 81 మిల్లీగ్రాముల యాస్పిరిన్. ఇక మన దగ్గర షుగర్‌కు విరివిగా రాసే గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, బీపీకి ఇచ్చే సిల్నిడిపిన్‌లకైతే అమెరికాలో అనుమతే లేదు. ఏ షాపులోనూ దొరకవు. వాటి బదులు ఏం వాడాలో డాక్టరే చెప్పాలి. ఆ మార్పు కుదురుకోవడానికి సమయం పడుతుంది. అందుకే బయల్దేరక ముందే ఇండియా డాక్టర్‌తో ఈ మాట మాట్లాడించండి.

"వస్తున్నావుగా, మా మావయ్య మాత్రలు పట్టుకురా" అనడం మనకు అలవాటు. ఎఫ్‌డీఏ చూపే ఉదారత ఎవరి మందులు వాళ్లు తెచ్చుకోవడానికే. వేరేవాళ్ల మందులు మోసుకొచ్చినవాళ్లు ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతారు. మొహమాటానికి ఒప్పుకోకండి, ఒప్పించకండి.

ఉద్యోగం పోయినప్పుడు

లేఆఫ్ కాగితం చేతిలో పడిన రోజు హెచ్1బీ వాళ్ల బుర్రలో తిరిగేది అరవై రోజుల గడువే. మాత్రల సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ ముందు అడగాల్సింది "నా ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగిపోతుంది?" అని. కొన్ని కంపెనీల్లో ఆఖరి పనిరోజుతోనే ఆగుతుంది, కొన్నిచోట్ల నెలాఖరు దాకా ఉంటుంది. ఆ లోపు ఇంట్లో అందరి రీఫిల్స్ తీసేసుకోండి, వీలైతే తొంభై రోజులవి. తర్వాత కోబ్రా కింద పాత ఇన్సూరెన్సే కొనసాగించాలా అని నిర్ణయించుకోడానికి కనీసం అరవై రోజులుంటుంది. ఆ లోపు ఎప్పుడు తీసుకున్నా పాత తేదీ నుంచే వర్తిస్తుంది, ఆ నెలల ప్రీమియం కూడా కట్టాలి. ఖరీదెక్కువే. అందుకే ఇంట్లో మందుల నిల్వ చూసుకుని నిర్ణయించుకోండి.

ఇండియాకు రెండు నెలలు వెళ్తున్నా ఇదే లెక్క. "వెకేషన్ సప్లై" కావాలని రెండు మూడు వారాల ముందే ఫార్మసీని, ఇన్సూరెన్స్‌ను అడిగితే ముందుగానే ఎక్కువ మాత్రలు ఇచ్చే వీలుంటుంది.

కౌంటర్ వెనక ఉన్నది డాక్టరే

మనం డబ్బులు కట్టి సంచి తీసుకుని వచ్చేస్తాం. కానీ ఆ కౌంటర్ వెనక తెల్లకోటులో ఉన్న ఫార్మసిస్టు ఏళ్ల తరబడి మందుల గురించే చదువుకున్న మనిషి. ఈ రోజుల్లో ఆ పట్టా పేరే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఫీజు లేదు. అన్నం ముందా, తర్వాతా? ఉపవాసం రోజు షుగర్ మాత్ర సంగతేంటి? ఇంటి నుంచి తెచ్చుకున్న ఆయుర్వేద లేహ్యంతో పడుతుందా? అన్నీ అడగొచ్చు. అమ్మకు ఇంగ్లీషు రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" కావాలనండి. చాలా పెద్ద ఫార్మసీల్లో ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషిని కలుపుతారు. ఫ్లూ టీకా కూడా అక్కడే వేస్తారు.

పెద్దవాళ్ల వేళ్లకు ఆ డబ్బా మూతలు తిరగవు. పిల్లలు తీయలేకుండా ఉండాలని 1970లో వచ్చిన చట్టం వల్ల అలా చేశారు. తేలిగ్గా తెరుచుకునే మూత కావాలంటే ఇస్తారు. అప్పుడు మాత్రం డబ్బా మనవడికి అందని ఎత్తులో ఉండాలి. పొరపాటున పిల్లాడు మింగితే పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రాత్రీ పగలూ పనిచేస్తుంది. స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా నేరుగా 911కే చేయండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో అడగడం ఒక ఎత్తు. ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి అమ్మ మాత్రల సంచి తెరవండి. అట్టలు లెక్కపెట్టండి. తిరుగు టికెట్ తేదీతో సరిపోల్చండి. "ఉన్నాయిలే నాన్నా" అన్న మాట నమ్మకండి.

గుర్తుంచుకోండి

* పది రోజుల మాత్రలు ఉండగానే రీఫిల్ పెట్టండి. రెండు రోజుల్లో మెసేజ్ రాకపోతే మీరే ఫోన్ చేయండి.

* మందుల అసలు పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి పర్సులో ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి ఉంచుకోండి.

* రీఫిల్స్ సున్నా అయి, డాక్టర్ దొరక్కపోతే "ఎమర్జెన్సీ సప్లై" అడగండి.

* ధర ఎక్కువనిపిస్తే నగదు ధర అడగండి, ఇంకో షాపులో కనుక్కోండి. మందు మాత్రం మానొద్దు.

* అమ్మానాన్నల టికెట్ పొడిగించే ముందు వాళ్ల మాత్రలు లెక్కపెట్టండి.

* ఒకరి చీటీ మీది మందు ఇంకొకరు వాడొద్దు, జబ్బు ఒకటే అయినా సరే.